స్కేలు చివర్లో ఇచ్చాం: నాలుగో తరగతి కొలతల పాఠంపై ఒక కేస్ స్టడీ

భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో రొయ్యల చెరువుల మధ్య పెరిగే పిల్లలకు కొలతలు కొత్త కాదు. మేత బస్తాలు కిలోల్లో, చెరువు లోతు అడుగుల్లో, పొలం సెంట్లలో, పూలు మూరల్లో, పాలు లీటర్లలో కొలవడం రోజూ చూస్తూనే ఉంటారు. అదే పిల్లలు బడిలో లెక్కల పుస్తకం తెరిచి, స్కేలు పక్కనున్న పెన్సిల్ బొమ్మను చూసి దాని పొడవు చెప్పమంటే తడబడతారు. ఆ తడబాటు ఎక్కడ మొదలవుతుందో, దాన్ని తరగతి గదిలో ఎలా సరిచేయవచ్చో మా బడిలో జరిగిన పని ఆధారంగా రాస్తున్నాను.

నేను పనిచేసేది ఆ ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో. మూడు, నాలుగు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి. రెండూ కలిపినా ముప్పై మంది లోపే. తల్లిదండ్రుల్లో ఎక్కువమంది చెరువుల మీదో పొలాల్లోనో కూలి పని చేసేవాళ్లు. ఒకరిద్దరు ఆటో నడుపుతారు, ఒకాయన టైలర్, ఒక పాప వాళ్ల నాయనమ్మ గుడి దగ్గర పూలు అమ్ముతుంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే పాఠానికి కావలసిన సరంజామాలో సగం ఈ ఇళ్ల నుంచే వచ్చింది.

పాఠం మొదలుపెట్టక ముందు

మొదట నాలుగో తరగతి పిల్లలకు కొన్ని ప్రశ్నలు ఇచ్చాను. మీటరుకు ఎన్ని సెంటీమీటర్లు, కిలోకు ఎన్ని గ్రాములు అంటే దాదాపు అందరూ ఠక్కున చెప్పారు. తర్వాత బోర్డు మీద పెద్ద స్కేలు బొమ్మ గీసి, దాని మీద ఒక పెన్సిల్‌ను 2 దగ్గర మొదలై 9 దగ్గర ఆగేలా గీశాను. దాని పొడవు ఎంత?

సగానికి పైగా పిల్లలు 9 అన్నారు. ఇంకొందరు 8 అన్నారు. 7 అన్నవాళ్లు అతి కొద్దిమంది.

9, 8 రెండూ తప్పు సమాధానాలే అని కొట్టేస్తే అసలు విషయం చేజారిపోతుంది. 9 అన్న పిల్లలు పెన్సిల్ కొస ఎక్కడుందో చూసి ఆ అంకె చదివారు. వాళ్ల దృష్టిలో స్కేలు జవాబు చెప్పే వస్తువు, అంతే. 8 అన్న పిల్లలు ఒక అడుగు ముందున్నారు, ఏదో లెక్కపెట్టాలని వాళ్లకు తెలుసు. కానీ 2, 3, 4 అంటూ 9 దాకా గీతలు లెక్కపెట్టారు. లెక్కపెట్టాల్సింది గీతల మధ్య ఉన్న దూరాన్ని అని వాళ్లకు ఇంకా తట్టలేదు. ఈ రెండు గుంపులకూ కావలసిన సాయం వేరు వేరు. మొదటి గుంపుకు పొడవంటే ఏమిటో కావాలి, రెండో గుంపుకు దేన్ని లెక్కపెట్టాలో కావాలి.

అసలైన స్కేలు చేతికిచ్చినప్పుడు ఇంకో చిక్కు బయటపడింది. చాలా ప్లాస్టిక్ స్కేళ్లకు సున్నా గీత అంచు దగ్గర ఉండదు, కొంచెం లోపలికి ఉంటుంది. పిల్లలు వస్తువును అంచుకు ఆనించి కొలుస్తారు. కొందరు 1 దగ్గర నుంచి మొదలుపెడతారు, ఎందుకంటే లెక్కపెట్టడం ఒకటితో మొదలవుతుందని చిన్నప్పటి నుంచీ మనమే నేర్పాం. ఇంకొందరు స్కేలు తిరగేసి అంగుళాల వైపు చదివి, అక్కడ 6 కనిపిస్తే 6 సెంటీమీటర్లని రాసేస్తారు.

అందుకని స్కేళ్లన్నీ పిల్లల సంచుల్లోనే ఉంచమన్నాను. వాటిని మళ్లీ తీసింది పాఠం చివర్లోనే.

అంకెలు లేని కొలత

మొదటి పని బీరువాతో. ఆఫీసు గదిలో ఉన్న ఇనుప బీరువాను మా గదిలోకి తేవాలి, తలుపులోంచి పడుతుందా? బీరువాను జరపకూడదు, స్కేలు వాడకూడదు. పిల్లలు కాసేపు చేతులు బార్లా చాపి ఆ గది నుంచి ఈ గదికి నడిచారు. దారిలో చేతులు కదిలిపోయి గొడవపడ్డారు. చివరికి ఒక పాప పురికొస అడిగింది. బీరువా వెడల్పుకు సరిపడా ముడి వేసి, అదే పురికొసను గుమ్మం దగ్గర పట్టి చూశారు. పట్టింది.

చూడ్డానికి చిన్న పనే గానీ, కొలతకు పునాది ఇక్కడే ఉంది. పక్కపక్కన పెట్టలేని రెండు వస్తువులను మూడో వస్తువు సాయంతో పోల్చవచ్చు. స్కేలైనా టేపైనా చేసే పని ఇదే. మూడో తరగతి పిల్లల్లో కొందరు పురికొసను సాగదీసి పట్టుకుంటే నాలుగో తరగతి వాళ్లే ఆపారు.

జానలు, పుల్లలు, కౌంటు

తర్వాత నల్లబల్ల పొడవును జానలతో కొలిచాం. ఒక్కొక్కరికీ ఒక్కో అంకె వచ్చింది. ఎవరిది సరైనది అని అడిగితే మొదట పొడుగాటి పిల్లవాడి పేరు చెప్పారు, ఆ తర్వాత నన్ను చూపించారు. పూలు అమ్మే నాయనమ్మ ఉన్న పాప మాత్రం, "మూర ఎప్పుడూ అమ్మేవాళ్ల చేత్తోనే కొలుస్తారు మాస్టారూ, కొనేవాళ్లు ఊరుకోరు" అంది. ఎవరి చేతికి ఎంత వస్తే అంతే అయితే బేరం ఎలా కుదురుతుందన్న చర్చ ఆ మాటతోనే లేచింది. ప్రామాణిక కొలత ఎందుకు కావాలో పుస్తకంలో ఒక పేరా ఉంటుంది. ఆ పేరా చదవకముందే తరగతికి ఆ అవసరం తెలిసింది.

ఇంకో సంగతి నేను పక్కన నిలబడి గమనించింది. ఒకే పిల్లవాడు అదే బల్లను రెండుసార్లు కొలిచినా తేడా వస్తోంది. కారణం జాన వేసే తీరు. బొటనవేలు ఆనాల్సిన చోట కాకుండా కాస్త ముందుకో వెనక్కో పడుతోంది. మధ్యలో ఖాళీ మిగిలితే జానలు తగ్గుతాయి, ఒకదాని మీద ఒకటి పడితే పెరుగుతాయి. దీన్ని మాటలతో చెబితే పిల్లలు తలూపుతారు, మళ్లీ అలాగే కొలుస్తారు. అందుకే పని మార్చాం.

ఒక్కో జట్టుకు బోలెడన్ని ఐస్ పుల్లలు ఇచ్చి, బెంచీ ఈ చివర నుంచి ఆ చివర దాకా వరసగా పేర్చమన్నాను. పుల్లలన్నీ కళ్ల ముందే ఉంటాయి కాబట్టి ఖాళీ ఎక్కడుందో, ఎక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కిందో వాళ్లకే కనిపిస్తుంది. ఇది బాగా వచ్చాక జట్టుకు ఒకే ఒక్క పుల్ల ఇచ్చి మళ్లీ అదే బెంచీ కొలవమన్నాను. ఇప్పుడు పుల్ల చివర చాక్‌పీస్‌తో గీత పెట్టి, ఆ గీత దగ్గర నుంచి మళ్లీ పుల్ల పెట్టాలి. ముందు చాలా పుల్లలు, తర్వాత ఒకటే పుల్ల. ఈ వరస తప్పకూడదని నా గట్టి అభిప్రాయం. మొదటి రోజే ఒక పుల్ల ఇచ్చి కొలవమంటే పిల్లలు చేతి కదలికను నేర్చుకుంటారు గానీ, తాము ఆ పొడవంతా పుల్లలతో నింపుతున్నామన్న ఊహ రాదు.

ఆ తర్వాత అదే బెంచీని అగ్గిపుల్లలతో కొలిచాం. కొలవక ముందు అడిగాను: ఐస్ పుల్లల కంటే ఎక్కువ పడతాయా, తక్కువ పడతాయా? అగ్గిపుల్ల చిన్నది కాబట్టి తక్కువే అని చాలామంది అన్నారు. చిన్నది అనగానే అంకె కూడా చిన్నదే అనిపిస్తుంది పిల్లలకు. కొలిచి చూసుకున్నాక ఎక్కువ వచ్చాయని ఒప్పుకున్నారు గానీ, ఎందుకో చెప్పలేకపోయారు.

అప్పుడు వెనక బెంచీలోంచి ఒక పిల్లవాడు లేచాడు. వాళ్ల నాన్న చెరువు దగ్గర కాపలా ఉంటాడు. లెక్కల పీరియడ్‌లో పెద్దగా నోరు విప్పని పిల్లవాడు.

"కౌంటు లాగే కదండీ మాస్టారూ!"

"కౌంటు ఏంట్రా?"

"వంద కౌంటంటే కిలోకి వంద తూగుతాయండి, చిన్న రొయ్యలు. ముప్పై కౌంటంటే పెద్దవండి, కిలోకి ముప్పయ్యే తూగుతాయి. రొయ్య పెద్దదైతే కౌంటు తగ్గుద్దండి. ఇదీ అంతే. పుల్ల పెద్దదైతే కౌంటు తగ్గుద్ది."

గదిలో సగం మందికి ఆ క్షణంలోనే అర్థమైపోయింది. ఆ ఊళ్లో కౌంటు తెలియని ఇల్లు లేదు. కౌంటు తగ్గేకొద్దీ రేటు పెరుగుతుందని కూడా వాళ్లకు తెలుసు. ప్రమాణం పెద్దదైతే సంఖ్య చిన్నదవుతుందన్నది కొలతల్లో పిల్లలకు అన్నింటికంటే ఆలస్యంగా అందే విషయం. మీటర్లను సెంటీమీటర్లుగా మార్చేటప్పుడు గుణించాలో భాగించాలో తేల్చుకోలేకపోవడం దీని వల్లే. ఆ పిల్లవాడి మాటను బోర్డు మీద రాసి చాలా రోజులు చెరపకుండా ఉంచాం. ఆ వారం నుంచి ఎవరికి ఏ సందేహం వచ్చినా, "పెద్ద కౌంటా, చిన్న కౌంటా" అని ఒకరినొకరు అడుక్కునేవాళ్లు.

అంకె ఎక్కడ రాయాలి

నా లెక్కలో ఈ పాఠానికి గుండెకాయ ఇదే. పాత క్యాలెండర్ కాగితాలను సన్నటి పట్టీలుగా కోసి, ఒక్కో జట్టుకు ఒకటి ఇచ్చాం. దాని మీద ఐస్ పుల్ల పెట్టి, గీత గీసి, మళ్లీ పెట్టి, గీత గీసి, పట్టీ అంతా గడులు చేశారు. ఒక గడికి ఎరుపు, పక్క గడికి పసుపు రంగు వేశారు. అంకెలు లేవు. వస్తువు పక్కన పట్టీ పెట్టి ఎన్ని గడులు పట్టిందో లెక్కపెట్టడమే.

ప్రతిసారీ లెక్కపెట్టడం విసుగొచ్చి వాళ్లే అడిగారు, అంకెలు వేసుకుంటామని. వేసుకోండి అన్నాను. ఎక్కడ వేయాలో చెప్పలేదు.

అన్ని జట్లూ అంకెను గడి మధ్యలో రాశాయి. మొదటి గడి మధ్యలో 1, రెండో గడి మధ్యలో 2. అది తప్పని నేను అనలేదు, నిజానికి అది తప్పు కూడా కాదు. గడులకు పేర్లు పెట్టినట్టు అది. చీపురుకట్ట, కిటికీ చువ్వ, పుస్తకాల సంచి కొలిపించాను. సంచి మూడో గడి సగంలో ఆగింది. అక్కడ గొడవ మొదలైంది. సంచి కొస సరిగ్గా 3 అనే అంకె మీద ఉంది కాబట్టి మూడు అని ఒక జట్టు. మూడో గడి ఇంకా పూర్తి కాలేదు, రెండున్నరే అని ఇంకో జట్టు. చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ఒక పాప వచ్చి, 3 అనే అంకెను చెరిపి, మూడో గడి అయిపోయిన గీత దగ్గర రాసింది. "మూడు గడులూ అయిపోయాకే మూడు అనాలి" అంది.

మిగతా అంకెలన్నీ గీతల దగ్గరికి జరిగాయి. అప్పుడు మొదటి గీత దగ్గర చోటు ఖాళీగా మిగిలింది. అక్కడ ఏం రాయాలి? కొందరు ఏమీ అక్కర్లేదన్నారు. మూడో తరగతి పిల్లవాడొకడు, "అక్కడ ఇంకా ఏం అవలేదుగా, సున్నా" అన్నాడు. ప్రతి పట్టీ మీదా సున్నా చేరింది.

ఆ రోజు చివర్లో ఒక పట్టీని 4 దగ్గర కత్తిరించి, మొదటి ముక్క పక్కన పెట్టి, 4తో మొదలయ్యే ముక్కతో బల్ల వెడల్పు కొలవమన్నాను. కొస 9 దగ్గర ఆగింది. 9 అన్నవాళ్లు ఇంకా ఒకరిద్దరు ఉన్నారు. కానీ వాళ్ల పక్కవాళ్లే రంగు గడుల మీద వేలు పెట్టి ఐదు అని లెక్కపెట్టి చూపించారు. నేను కలగజేసుకోవాల్సిన అవసరం రాలేదు.

మీటరు టేపు

తర్వాత సెంటీమీటరు. ఒక సెంటీమీటరు వెడల్పు గడులతో పది సెంటీమీటర్ల పట్టీలు నేనే గీసి ఇచ్చాను. పిల్లలు రంగులు వేసి, అలాంటివి పది కలిపి మైదా జిగురుతో అతికించి మీటరు టేపు తయారు చేశారు. టైలర్ కొడుకు వాళ్ల నాన్న టేపు తెచ్చాడు. పక్కపక్కన పెట్టి చూస్తే పిల్లలు చేసిన ప్రతి టేపూ మీటరు కంటే పొట్టిగా ఉంది.

పది పదులు వంద అయినప్పుడు టేపు ఎందుకు తగ్గింది? మొదట రంగు తడికి కాగితం ముడుచుకుపోయిందన్నారు. తర్వాత ఒకడు అతుకు దగ్గర వేలు పెట్టి, గడులు లెక్కపెట్టి, ఒక పట్టీ చివరి గడి సగం పక్క పట్టీ కిందికి పోయిందని కనిపెట్టాడు. జిగురు రాయడానికి ఒకదాని మీద ఒకటి ఎక్కించారు కాబట్టి ప్రతి అతుకూ కాస్త పొడవు తినేసింది. జానలతో కొలిచిన రోజు నేను మాటల్లో చెప్పలేకపోయిన సంగతి ఇది. అన్నీ ఊడదీసి, పట్టీలను అంచుకు అంచు ఆనించి, వెనకవైపు వేరే కాగితం వేసి అతికించారు. ఈసారి టైలర్ టేపులో 100 దగ్గరికి సరిగ్గా వచ్చింది.

టైలర్ టేపుకు సున్నా సరిగ్గా అంచు దగ్గరే మొదలవుతుందని కూడా అప్పుడే గమనించారు. ఇక అప్పుడు స్కేళ్లు బయటికి తీయమన్నాను. చెప్పకుండానే ప్రతి ఒక్కరూ ముందు చూసింది తమ స్కేలుకు సున్నా ఎక్కడుందని. అంచు విరిగిన స్కేలు ఉన్న పాప, "నాది 1 నుంచే ఉంది, అయినా పర్లేదు" అంది.

సోల, మానిక, కుంచం

పొడవు మీద పెట్టినంత సమయం మిగతావాటి మీద పెట్టలేదు. అయినా పాత కొలపాత్రల గురించి చెప్పాలి. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రమ్మంటే సోల, తవ్వ, మానిక, కుంచం అని రాసుకొచ్చారు. ఒకరింట్లోంచి ఇత్తడి సోల, ఇంకొకరింట్లోంచి మానిక వచ్చాయి. బియ్యం పోసి చూస్తే నాలుగు సోలలు ఒక మానిక అయింది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అంతా రెట్టింపులే కాబట్టి సగం, పావు నేర్పడానికి ఇంతకంటే మంచి సామగ్రి దొరకదు. అర లీటరు, పావు లీటరు పాఠం దీని మీదే నిలబెట్టాం.

ఇప్పుడు ఇవి ఎందుకు వాడటం లేదని పిల్లలు అడిగారు. ఒక ప్రాంతం కొలపాత్రకూ ఇంకో ప్రాంతం కొలపాత్రకూ తేడా ఉండేదని, దేశమంతటా ఒకటే కొలత ఉండాలని 1956లో చట్టం చేసి మెట్రిక్ పద్ధతి తెచ్చారని, 1958 అక్టోబరు నుంచి కిలోలు వాడుకలోకి రావడం మొదలైందని చెప్పాను. వీశెలు, మణుగులు అలా వెనక్కి తగ్గాయి. పూల మూర దగ్గర జరిగిన గొడవే దేశమంతటా ఉండేదన్నమాట అని వాళ్లే కలుపుకున్నారు.

బరువుకు వంటగదే ప్రయోగశాల. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లలకు తలా 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు లెక్క. పది మందికి కిలో బియ్యం. ఉదయం హాజరు తీసుకోగానే ఆ రోజుకు ఎంత బియ్యం కావాలో ఒక జట్టు లెక్కకట్టి వంట చేసే ఆయమ్మకు చెప్పేది. 46 మంది వస్తే 4 కిలోల 600 గ్రాములు. కాటా మీద గిన్నె పెట్టి, బటన్ నొక్కి సున్నా చేసి, అప్పుడు బియ్యం పోయడం చూసి, ఇది పట్టీ మీద రాసిన సున్నా లాంటిదే అని ఒక పిల్లవాడు అన్నాడు. ఆయమ్మ కాటా లేకుండా డబ్బాతోనే కొలుస్తుంది. ఆమె డబ్బా లెక్కకూ కాటా లెక్కకూ తేడా ఎంతో చూద్దామని కొలిస్తే గుప్పెడు బియ్యం కూడా తేడా రాలేదు. పిల్లలు ఆమె వైపు చూసిన చూపు మారిపోయింది.

అంచనా

ఏది కొలిచినా ముందు అంచనా రాయాలన్నది మొదటి నుంచీ పెట్టుకున్న నియమం. నోటు పుస్తకంలో మూడు గడులు: వస్తువు, నా అంచనా, కొలత. మొదట్లో తలుపు ఎత్తు పది మీటర్లు అని రాసినవాళ్లున్నారు. కొలిచాక అంచనాను చెరిపేసి దిద్దుకునేవాళ్లు, టెన్షన్ పడేవాళ్లు. అంచనాకు మార్కులు లేవు, చెరపకూడదు అని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ప్రతి ఒక్కరూ తమ జాన ఎన్ని సెంటీమీటర్లో, తమ చిటికెన వేలి గోరు ఎంత వెడల్పో కొలిచి పుస్తకం అట్ట మీద రాసుకున్నారు. అది వచ్చాక అంచనాలు చాలా దగ్గరికి వచ్చాయి. జాన మళ్లీ పనికొచ్చింది, ఈసారి సెంటీమీటర్లు తెలిసిన జాన.

ఏం మారింది, ఏం మారలేదు

చివర్లో మొదటి రోజు ప్రశ్నలే అంకెలు మార్చి ఇచ్చాను. పెన్సిల్ ప్రశ్నకు నాలుగో తరగతిలో దాదాపు అందరూ సరిగ్గా రాశారు. గీతలు లెక్కపెట్టే అలవాటు ఇద్దరు ముగ్గురిలో మిగిలింది. వాళ్లు పట్టీలు చేసిన రోజుల్లో బడికి రానివాళ్లే. రంగు పట్టీ చేతికిస్తే సరిగ్గా చెబుతున్నారు, స్కేలు బొమ్మ చూస్తే తప్పుతున్నారు. వాళ్లతో మళ్లీ పట్టీ చేయించాను.

నీళ్ల విషయంలో మాత్రం అంత మార్పు లేదు. ఒకే గ్లాసు నీళ్లను సన్నటి సీసాలోకి, వెడల్పు గిన్నెలోకి కళ్ల ముందే పోసినా, సీసాలోనే ఎక్కువ ఉన్నాయని మూడో తరగతిలో చాలామంది అన్నారు. పిల్లల ఆలోచనా తీరును అధ్యయనం చేసిన స్విస్ శాస్త్రవేత్త పియాజే ఈ సంగతి ఏనాడో చూపించారు. దీనికి వయసు కూడా కలిసిరావాలి. అందుకే వాళ్లను సరిదిద్దే తొందర పెట్టుకోలేదు. పోసి, తిరిగి పోసి చూసే అవకాశం మాత్రం రోజూ ఇచ్చాను.

ఈ పనికి సమయం పడుతుందన్నది నిజం. సిలబస్‌లో కొలతలకు ఇచ్చిన పీరియడ్లకు మించి తీసుకున్నాం. అయితే ఆ తర్వాత వచ్చిన యూనిట్ మార్పిడి లెక్కలు చాలా తక్కువ సమయంలో అయిపోయాయి, భిన్నాల్లో సగం, పావు కొత్తగా చెప్పాల్సిన పని పడలేదు. ఖర్చు పెద్దగా లేదు: ఐస్ పుల్లల కట్ట, రంగులు, పాత క్యాలెండర్లు, మైదా. ఇలా చేయాలనుకునే తోటి టీచర్లకు నేను చెప్పేది ఒకటుంది. బీరువా, కొలపాత్రలు, వంటగది లాంటివి మీ ఊరిని బట్టి మార్చుకోండి, వదిలేసినా ఫర్వాలేదు. రంగు పట్టీ మీద అంకె ఎక్కడ రాయాలన్న గొడవను మాత్రం వదలకండి. దాన్ని మీరే తేల్చేయకండి కూడా.

ఇక వైశాల్యం మిగిలింది. పొడవును గడులతో నింపిన పిల్లలు నేలను చదరపు గడులతో నింపాలి. పాత చార్టులను చదరాలుగా కోసే పని నాలుగో తరగతి వాళ్లు మొదలుపెట్టారు. సెంటు భూమి అంటే ఎంతో బడి ఆవరణలో ముగ్గుతో గీసి చూపిస్తామని వాళ్లే అంటున్నారు.